నాయన చెప్పిన సాక్ష్యం

మొన్న మా వీధి మలుపులో ఒక కుర్రవాడి బండిని కారు గుద్దేసి ఆగకుండా పోయింది. మేడ మీద బట్టలు ఆరేస్తూ నేను చూశాను. పోలీసులు ఇంటింటికీ వచ్చి అడుగుతుంటే మా అబ్బాయి నా పక్కకు వచ్చి, "చూడలేదని చెప్పేయమ్మా, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు" అన్నాడు. నేను కిందికి దిగి, చూసింది చూసినట్టు చెప్పి, సంతకం పెట్టి వచ్చాను. అబ్బాయి ముఖం మాడ్చుకున్నాడు. వాడి తప్పేమీ లేదు. వాడి తాత సంగతి నేను వాడికి ఎన్నడూ చెప్పలేదు.

మా నాయన మామిడి తోటకు కాపలా ఉండేవాడు. చిత్తూరుకు పడమటి దిక్కున, గుట్టల కింద ఉండేది ఆ తోట. పూత మొదలైనప్పటి నుంచి చివరి కాయ లారీ ఎక్కేదాకా మేము పల్లెలో ఇల్లు వదిలేసి తోటలో బోద గడ్డి కప్పిన గుడిసెలో కాపురం ఉండేవాళ్లం. నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, నేను. పూత కాలంలో ఆ గాలికి ఒక మత్తు ఉండేది. తేనె పులిసినట్టు వాసన. పొద్దునే లేస్తే జుట్టులో, దుప్పటిలో, చివరికి సంకటి ముద్దలో కూడా అదే వాసన. అవ్వ రాగి సంకటి కెలికి, వేయించిన శెనక్కాయలు రోట్లో నూరి ఊరుబిండి చేసేది. పిందెలు రాలే రోజుల్లో వాటితో పుల్లటి పప్పు. నాకు మాత్రం దొంగతనంగా కోసుకున్న కాయే రుచి. నాయన కాపలా కాసేది బయటి దొంగలకు. ఇంట్లో దొంగ పావడా చెంగులో ఉప్పూ కారం మూట కట్టుకుని కొమ్మల్లో ఉండేది.

తోట పక్కనే ఒక ముసలాయన చెరుకు చేను. చలికాలంలో ఆయన గానుగ ఆడించి బెల్లం వండేవాడు. అందుకని నేను ఆయన్ను గానుగ తాత అనేదాన్ని. పెనంలో పాకం పొంగుతుంటే నేను అరిటాకు ముక్క పట్టుకుని నిలబడేదాన్ని. "నోరు కాలి సస్తావు, ఊదుకోని తినుమే" అని తిడుతూనే గరిటెడు వేసేవాడు. ఆయన మా మతం వాడు కాదు. అయినా మధ్యాహ్నం పూట మా గుడిసె నీడకొచ్చి కూర్చుని అవ్వ చెప్పే బైబిలు కథలు వినేవాడు.

అవ్వకు చదువు రాదు. వాక్యమంతా చెవులతో నేర్చుకున్నదే. అబ్రహాము కథ ఆమెకు ప్రాణం. "దేవుడు 'లెయ్యి, పో' అన్నాడంట. ఈయన లేసినాడంట. యాడికి అని అడగనే లేదంట. అడిగినా ఆయన సెప్పే రకం కాదులే" అనేది. గానుగ తాత నవ్వేవాడు. "యాడికి పోయేది తెలీకుండా పెండ్లాం బిడ్డల్ని ఏసుకోని పోతారా ఎవురన్నా? మీ దేవునికి ముందే సెప్పేస్తే ఏం పోయింది?" అవ్వ వక్క కొరుకుతూ అనేది, "ముందే సూపిస్తే మనం పోము కదన్నా. అందుకే అడుగు పెట్టేంత మటుకే సూపిస్తాడు."

మా పల్లెలో పెంకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన గది ఉండేది. ఆదివారం పాటలయ్యాక, "సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి" అనేవారు పాస్టరుగారు. దేవుడు ఆ వారం తమకు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పడమే సాక్ష్యం. నాయన ప్రతి వారం లేచేవాడు. నాయనకు నత్తి. మేకపిల్ల దొరికిందనో, అవ్వ జ్వరం తగ్గిందనో, అంత చిన్న మాట చెప్పడానికి చెమటలు కక్కేవాడు. "మే... మే... మే..." అని ఆయన లాగుతుంటే వెనక వరుస పిల్లలు మేకలా అరిచేవాళ్లు. వాళ్లలో నేనూ ఉండేదాన్ని. అమ్మ తలవంచుకుని నా తొడ మీద గిల్లేది.

ఒక ఏడు వేసవిలో బావి అడుగంటింది. అది తోట ఆసామికీ గానుగ తాతకూ పొత్తు బావి. ఆసామి మంచివాడే, పట్నంలో ఉండేవాడు. తోటంతా ఆయన తమ్ముడి చేతిలో ఉండేది. ఆ తమ్ముడు మోటారు బిగించి ఉన్న నీళ్లన్నీ తోటకు తోడేసుకుంటుంటే తాత చెరుకు నిలువునా ఎండిపోయింది. చెప్పి చెప్పి విసిగి, ఒకనాడు తాత కొడవలితో పైపు కోసేశాడు.

మరునాడు మిట్టమధ్యాహ్నం నేను బావి దగ్గరి చెట్టు మీద ఉన్నాను. కాయ కొరికిన చప్పుడు విని నాయన కర్ర పట్టుకుని చెట్టు కిందికి వచ్చాడు, నన్ను దింపడానికి. అప్పుడే ఆసామి తమ్ముడు, ఇంకా ఇద్దరు మనుషులు గట్టు మీద కనబడ్డారు. తాత బావి ఒడ్డున కూర్చుని చేద తాడు ముడి వేసుకుంటున్నాడు. మాటల్లేవు. అరుపుల్లేవు. ఆసామి తమ్ముడు మచ్చుకత్తితో మెడ మీద ఒక్క వేటు వేశాడు. చెరుకు గడ నరికినప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది. తాత లేవబోయి, మోకాళ్ల మీద పడి, చేతులతో మెడ పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు చిమ్మింది. మిగతా ఇద్దరూ కాళ్లు పట్టుకుని లాగారు. ఇంకో వేటు, ఇంకో వేటు. తాత మడమలు మట్టిని తన్నుతూ తన్నుతూ ఆగిపోయాయి. తర్వాత బావిలోకి తోసేశారు. నీళ్లు లేని బావి కదా, రాయి మీద పడ్డ చప్పుడు వచ్చింది.

నాయన చెట్టు మొదలుకు అతుక్కుపోయి, తల పైకెత్తి నా వైపు చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. నా నోట్లో మామిడి ముక్క అలాగే ఉంది. నాయన నోరు తెరుచుకునే ఉంది కానీ మాట లేదు. వాళ్లు వెళ్లిపోయాక నన్ను దింపి, పొట్లంలా చుట్టి గుండెకు పట్టుకున్నాడు. "నువ్వు... నువ్వు సూల్లేదు పాపా. సెట్టు ఎక్కనే లేదు" అన్నాడు.

ఆ సాయంత్రమే పోలీసులకు చెప్పాడు, తాను చూసిందంతా. నా మాట వాళ్లు అడగలేదు. ఆయన చెప్పలేదు.

తోట పని పోయింది. పల్లెకు వచ్చేశాం. ఆసామి తమ్ముడు బెయిలు మీద వచ్చి, ఊరి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మాతో మాట్లాడే మనుషులు తగ్గిపోయారు. ఒక ఉదయం మా కుక్కను మా వాకిట్లోనే కాళ్లు కట్టి, పొట్ట చీల్చి పడేశారు. అమ్మ దాన్ని చూసి నాయన చొక్కా పట్టుకుంది.

"మనకెందుకయ్యా? సచ్చినోడు ఎట్లా రాడు. సూల్లేదని ఒక్క మాట సెప్పు. బిడ్డ ఉండాది మనకు."

"ఆ పొద్దు నేను అ... అరిసింటే ఆయప్ప బతికేవోడేమో మే. నోరు రాలేదు. కో... కోర్టులో అయినా రావాల గదా."

"నీ నోరు! నీ నోరు యాడొస్తాది!" అని అమ్మ ఏడ్చింది.

మరుసటి వేసవిలో కోర్టుకు పిలుపొచ్చింది. వాయిదా రోజు తెల్లవారగానే బస్సు దగ్గరికి పోయి చూసి వచ్చాడు నాయన. ఆసామి తమ్ముడి మనుషులు అక్కడ కూర్చుని ఉన్నారు. నన్నూ అవ్వనూ ఇంట్లో వదిలి పోవడానికి కూడా ధైర్యం చాలలేదు. నలుగురం పెరటి దారిన గుట్టకు అడ్డంపడి నడక మొదలుపెట్టాం. అమ్మ సంకటి ముద్దలు గుడ్డలో కట్టింది. అవ్వ తన నల్ల అట్ట బైబిలును, చదవడం రాకపోయినా, రొండిన దోపుకుంది.

గుట్ట ఎక్కాక దారి రెండుగా చీలింది. ఒకటి కంకర రోడ్డు, చుట్టు తిరిగి పోతుంది. ఇంకోటి వంక, అంటే ఎండిన వాగు, దాని వెంబడి రాళ్ల క్వారీ కింద నుంచి పోయే కాలిబాట. నాయన అక్కడే మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఎండ ఎక్కుతోంది. అమ్మ ఓపిక పట్టలేకపోయింది.

"ఏం సెప్పినాడు మీ దేవుడు?"

"ఏం సె... సెప్పలేదు."

"మరి?"

"ఈ దావన పోదాం" అని వంక వైపు నడిచాడు నాయన.

ఆ వంకలోనే వాళ్లు కాచుకుని ఉన్నారు. ఇద్దరు, ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని. మొదటి దెబ్బ కర్రతో నాయన వీపు మీద పడింది. పడిపోయినవాణ్ణి రెండోవాడు కత్తితో నరకబోతే నాయన ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్లు తెగి ఇసుకలో పడటం చూశాను. అవ్వ కొడుకు మీద బోర్లా పడింది. "నన్ను కొట్టండిరా, నన్ను కొట్టండి" అంటోంది. కర్ర ఆమె తల మీద పడింది. టెంకాయ పగిలినట్టు వినబడింది. నేను ఒకడి పిక్కను పళ్లతో పట్టుకున్నాను. వాడు తన్నిన తన్నుకు ముందు పన్ను ఊడింది. నోరంతా ఉప్పటి నెత్తురు. ఇన్నాళ్లూ వద్దు వద్దన్న అమ్మ, పెద్ద రాయి రెండు చేతులా ఎత్తి, కత్తి పట్టినవాడి మోకాలి మీద వేసింది. వాడు కూలబడ్డాడు. ఇంకో రాయి ఎత్తింది. ఆ అరుపు అమ్మదేనా అనిపించింది. జంతువు అరుపు.

ఆ అరుపే పైన క్వారీలో వినబడింది. రాళ్లు కొట్టే ఆడవాళ్లూ మగవాళ్లూ సుత్తులతో, గడ్డపారలతో గుట్ట దిగి పరుగెత్తుకు వచ్చారు. వాళ్లది సగం అరవం కలిసిన తెలుగు. "ఎవుర్రా అది, ఆడోళ్ల మింద సెయ్యేసేది!" అని ఒక ముసలామె సుత్తి విసిరింది. మమ్మల్ని కొట్టిన ఇద్దరూ ఒకణ్ణొకడు ఈడ్చుకుంటూ పారిపోయారు.

కంకర రోడ్డు మీద కూడా మనుషుల్ని పెట్టారా, లేదా? ఆ దారిన పోయి ఉంటే ఏ గొడవా లేకుండా చిత్తూరు చేరేవాళ్లమా? మాకు ఎప్పటికీ తెలియలేదు. దేవుడే క్వారీ కిందికి నడిపించాడని, తర్వాత మేం చేరిన ఊళ్లో పాస్టరుగారు చాలాసార్లు ప్రసంగంలో చెప్పారు. అమ్మ ఆ ప్రసంగాల్లో లేచి బయటికి వెళ్లిపోయేది.

రాళ్ల ట్రాక్టరులో గోనెలు పరిచి మమ్మల్ని ఎక్కించారు. నాయన చేతికి ఒకామె తన కొంగు చించి కట్టింది. అవ్వ తల అమ్మ ఒళ్లో ఉంది. చెవిలోంచి సన్నగా నెత్తురు కారుతోంది. నీవా ఏటి ఇసుకలో ట్రాక్టరు దిగి ఎక్కుతుంటే ప్రతి కుదుపుకూ మూలిగింది. పట్నం కనబడగానే నాయన ఏడవడం మొదలుపెట్టాడు. "అమ్మా, నీ... నీ దగ్గరుంటా, నేను పోను."

అవ్వ కళ్లు తెరిచింది. "నన్ను ఆస్పత్రి కాడ దింపేసి పో నాయనా. లేసి పోమన్నాక కూసోకూడదు."

ఆస్పత్రి వాకిట్లో అవ్వతో అమ్మ దిగిపోయింది. నేను నాయన చొక్కా వదల్లేదు. అందుకే ఆయనతో కోర్టుకు పోయాను.

కోర్టు హాలులో చెమట వాసన, పాత కాగితాల వాసన. ఆసామి తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నెత్తురు ఓడుతున్న చేత్తో నాయన బోను ఎక్కితే జడ్జిగారు లేచి నిలబడినంత పని చేశారు. "ముందు ఆస్పత్రికి వెళ్లవయ్యా, ఇంకో రోజు వద్దువు గానీ" అన్నారు. నాయన తల అడ్డంగా ఊపాడు. "ఇం... ఇంకో రోజుకు ఉంటానో లేదో సామీ."

నాయన చెప్పాడు. నత్తితో, చెమటతో, ప్రార్థన గదిలో చెప్పినట్టే. ఇక్కడ ఎవరూ మేకలా అరవలేదు. జడ్జిగారు పెన్ను పక్కన పెట్టి ఒక్కొక్క మాట బయటికి వచ్చేదాకా ఆగారు. తర్వాత అవతలి లాయరు లేచాడు. తీయగా మాట్లాడాడు. ఎంత దూరంలో ఉన్నావు, ఎండ కళ్లల్లో పడలేదా, మచ్చుకత్తికి పిడి ఏ రంగు. ఆఖరికి అడిగాడు.

"ఇదంతా నువ్వు ఒక్కడివే చూశావన్న మాట. నీతో ఇంకెవరూ లేరు. అంతేనా?"

నాయన నోరు తెరిచాడు. "ఎ... ఎ... ఎవు..."

ఆగిపోయాడు. గోడ పక్క బల్ల మీద కూర్చున్న నాకు నాయన గొంతులో నరం కదలడం కనబడుతోంది. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. నా వైపు చూశాడు.

"బి... బి..."

ఆ మాట ఏమిటో నాకు తెలిసిపోయింది. ఆసామి తమ్ముడు కూడా మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపుకు నా కాళ్ల వెంట తడి కారింది.

"బిడ్డ ఉండింది సామీ. నా బిడ్డ. సెట్టు మింద."

లాయరు ముఖం విచ్చుకుంది. "పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"అ... అడగలేదు సామీ. నాకు బయ్యమేసి నేనూ సెప్పలేదు."

జడ్జిగారు నన్ను తన బల్ల దగ్గరికి పిలిపించుకున్నారు. నీళ్లు తాగించారు. అబద్ధమంటే ఏమిటో తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. ఊడిన పంటి సందులోంచి గాలి పోతుంటే మాట సరిగ్గా రావడం లేదు. అయినా చెప్పాను. చేద తాడు ముడి, మెడ మీద వేటు, తాత మడమలు, బావిలో చప్పుడు. నాయన పెదాల మీద వేలు పెట్టుకోవడం కూడా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఆసామి తమ్ముడు నా వైపే చూస్తూ ఉన్నాడు. సగంలో ఎక్కడో నాకు భయం పోయి కోపం వచ్చింది. వేలు చూపి, "ఈయనే" అన్నాను.

ఆస్పత్రికి తిరిగి వచ్చేసరికి అవ్వ ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. అమ్మ ఏడవడం లేదు. నల్ల అట్ట బైబిలు ఆమె ఒళ్లో ఉంది, నెత్తుటి చేతుల మరకలతో. నాయన అవ్వ కాళ్ల మీద పడి లేచాక, నేనే చెప్పాను, కోర్టులో నన్ను కూడా అడిగారని.

అమ్మ లేచి నాయన రొమ్ము మీద రెండు చేతులతో గుద్దింది. గుద్దుతూనే ఉంది. నర్సు వచ్చి పట్టుకుంటే విదిలించుకుంది. "బిడ్డను సూపించినావా? వాని కండ్ల ముందర నా బిడ్డను సూపించినావా? అబ్రహాము బిడ్డ మీద కత్తెత్తితే దేవుడు ఆ సెయ్యి పట్టుకున్నాడంటివే! నీ నోరు ఎవురూ పట్టుకోలేదా?"

నాయన తల వంచి నిలబడి దెబ్బలన్నీ తిన్నాడు. "పట్టుకోలేదు మే" అన్నాడు. ఆ రెండు మాటలకు నత్తి రాలేదు.

ముగ్గురికీ శిక్ష పడింది. వంకలో ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నవాళ్లు ఎవరో తేలనే లేదు. మా పల్లె ఇంటిని అవ్వను పూడ్చిన వారంలోనే తగలబెట్టారని విన్నాం. మేము చూడలేదు. మళ్లీ ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. తిరుపతిలో స్టేషను పక్క సందులో నాయన వేయించిన శెనక్కాయలు అమ్మి, మూడు వేళ్ల చేత్తో పొట్లాలు కట్టి, నన్ను చదివించాడు. అమ్మ ఆయనకు వేళకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. మాట మాత్రం చాలా ఏళ్లు పొదుపుగానే వాడింది.

నాకు ఉద్యోగం వచ్చాక ఒక మధ్యాహ్నం అడిగేశాను, ఎన్నాళ్లో లోపల పెట్టుకున్నది. "నాయనా, ఆ పొద్దు నన్నెందుకు సూపించినావు?"

శెనక్కాయ పొట్టు ఊదుతున్నవాడు ఆగాడు. "'ఎవురూ లేరు' అనాలనే నో... నోరు తెరిసినా పాపా. దేవుని మింద పెమాణం సేసి కూడా అబద్దమే ఆడదామనుకున్నా. మాట రాలేదు. నత్తి పట్టేసింది. నిన్ను సూసినా. ఆ పైన వచ్చిన మాట అది. ఆ నత్తి దేవుడు పెట్టిందో, ఒట్టి నత్తేనో నాకు తెలీదు. నీకేమైనా అయ్యింటే నేను ఆయన్ను మళ్లా పిలిసేవోణ్ణో లేదో అదీ తెలీదు. తె... తెలీకుండానే నడిసినా."

నాకు అప్పుడు కోపం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ ఆయన పక్కన కూర్చుని పొట్టు ఊదాను.

దేవుడు మిమ్మల్ని నడిపించాడా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే, చూసింది మాత్రమే చెప్పగలను. అవ్వను చిత్తూరులోనే పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రం మేము ముగ్గురం బస్టాండులో నిలబడ్డాం. తిరిగి పోగలిగే ఊరు లేదు. ఇల్లు లేదు. ఎదురుచూసే మనిషి ఏ ఊళ్లోనూ లేడు. నాయన కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని, ఏ బస్సు వచ్చినా దాని బోర్డు వైపు చూసి మళ్లీ నేల చూస్తున్నాడు. "యాడికి పోదాం మే?" అన్నాడు, అమ్మను కాదు, గాలిని అడిగినట్టు. అమ్మ ఆయనతో ఆస్పత్రి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. ఒక బస్సు వచ్చి మా ముందర ఆగింది. అమ్మ అవ్వ బైబిలును చంకలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, ముందు తాను ఎక్కేసింది. ఎక్కి, మెట్టు మీద నిలబడి, వెనక్కి తిరిగి నాయన బాగున్న చేతికి తన చెయ్యి అందించింది.

బస్సు కదిలాక గుసగుసగా అడిగాను. "ఈ బస్సే ఎందుకెక్కినామమ్మా?"

"ఇదే ముందొచ్చింది" అంది అమ్మ.